బొలోన్యాలో ఎక్స్ఛేంజ్ చదువు

బొలోన్యాలో ఎక్స్ఛేంజ్ చదువు అంటే, సొంత విశ్వవిద్యాలయంలో పేరు కొనసాగుతూ ఉండగానే ఉత్తర ఇటలీలోని బొలోన్యా విశ్వవిద్యాలయంలో ఒకటి రెండు సెమిస్టర్లు చదివి, అక్కడ తెచ్చుకున్న క్రెడిట్లతో తిరిగి సొంత కాలేజీకి చేరుకోవడం. పట్టా ఇచ్చేది పంపిన విశ్వవిద్యాలయమే. బొలోన్యా ఇచ్చేది మార్కుల జాబితా మాత్రమే. ఫీజు కూడా పంపినచోటే కడతారు, ఇక్కడ కట్టనక్కర్లేదు. ఈ రాకపోకల్లో పెద్ద భాగం యూరోపియన్ యూనియన్ నడిపే ఎరాస్మస్ ప్లస్ కార్యక్రమం కింద జరుగుతుంది. మిగిలినవి విశ్వవిద్యాలయాలు తమలో తాము చేసుకున్న ఒప్పందాల మీద నడుస్తాయి.

బొలోన్యా ఎమీలియా-రొమాన్యా ప్రాంతానికి రాజధాని. జనాభా దాదాపు 3.9 లక్షలు. మన పత్రికల్లో బొలోనా అనీ, బొలొగ్నా అనీ కూడా రాస్తుంటారు. ఇటాలియన్లు పలికేది మాత్రం బొలోన్యా. విశ్వవిద్యాలయంలో 80 వేలకు పైగా విద్యార్థులున్నారు. వాళ్లంతా ఈ ఊళ్లోనే ఉండరు. చెజేనా, ఫోర్లీ, రవెన్నా, రిమిని పట్టణాల్లోనూ క్యాంపస్‌లున్నాయి. ఆ ఊళ్లను పక్కన పెట్టినా, నడిబొడ్డున జంబోనీ వీధిలో మధ్యాహ్నం పూట నిలబడితే ఈ ఊళ్లో విద్యార్థులు కానివాళ్లు ఎక్కడున్నారో వెతుక్కోవాల్సిందే. ఇటాలియన్లు ఈ నగరానికి మూడు ముద్దుపేర్లు పెట్టారు: చదువుల తల్లి, బొద్దుగుమ్మ, ఎర్రనిది. మొదటిది విశ్వవిద్యాలయాన్ని బట్టి, రెండోది తిండిని బట్టి వచ్చాయి. మూడోది ఇళ్ల పైకప్పుల, గోడల రంగును బట్టి వచ్చినా, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దశాబ్దాల పాటు నగరాన్ని ఏలిన కమ్యూనిస్టుల జెండా రంగు కూడా అందులో కలిసిపోయింది.

పరాయి ఊరివాళ్ల సంఘం

ఎక్స్ఛేంజ్ విద్యార్థి అంటే నడుస్తున్న విశ్వవిద్యాలయానికి చుట్టపుచూపుగా వచ్చినవాడని అనుకుంటాం. బొలోన్యా చరిత్ర చూస్తే వరస తిరగబడుతుంది. ఇక్కడ ముందు పరాయి ఊళ్ల విద్యార్థులు వచ్చారు, వాళ్లు తమను తాము కాపాడుకోవడానికి కట్టుకున్న సంఘమే తర్వాత విశ్వవిద్యాలయం అయింది.

విశ్వవిద్యాలయం పుట్టిన సంవత్సరంగా 1088ని చెబుతారు. అది శాసనాల్లో దొరికిన తేదీ కాదు. 19వ శతాబ్దంలో కవి జోస్వే కార్దూచ్చి నాయకత్వంలోని సంఘం లెక్కగట్టి తేల్చిన తేదీ. దాన్ని పట్టుకుని 1888లో ఎనిమిది వందల ఏళ్ల పండుగ చేశారు. తేదీ సంగతి ఎలా ఉన్నా, 12వ శతాబ్దం తొలినాళ్లకల్లా ఇర్నేరియో వంటి పండితులు జస్టీనియన్ చక్రవర్తి నాటి రోమన్ న్యాయగ్రంథాలకు ఇక్కడ వ్యాఖ్యానాలు చెబుతున్నారు. ఆ పాఠాల కోసం జర్మనీ, ఫ్రాన్స్, ఇంగ్లండ్ నుంచి ఆల్ప్స్ దాటి జనం వచ్చేవారు. వీళ్లు మన వారాలబ్బాయిల్లాంటి పేదపిల్లలు కారు. చాలామంది వయసు వచ్చినవాళ్లు, చర్చి పదవుల్లో ఉన్నవాళ్లు, నౌకర్లను వెంటబెట్టుకు వచ్చిన జమీందారీ బిడ్డలు. డబ్బుంది కానీ ఊళ్లో హక్కుల్లేవు. తమ దేశంవాడెవడో బాకీ ఎగ్గొడితే ఆ బాకీ కింద వీళ్ల సామాను జప్తు చేసుకునే ఆచారం ఆనాడు ఉండేది.

ఫ్రెడరిక్ బార్బరోసా చక్రవర్తి 1155 ప్రాంతంలో ఇచ్చి, 1158లో రోంకాల్యా సభలో ఖాయం చేసిన ఫర్మానా ఈ ఆచారాన్ని నిషేధించింది. చదువు కోసం దేశం దాటి వెళ్లేవాళ్లకు దారిలో రక్షణ ఇవ్వాలంది. వాళ్ల మీద వ్యాజ్యం వస్తే ఊరి న్యాయాధికారి దగ్గరికి కాక తమ గురువు దగ్గరికో బిషప్ దగ్గరికో వెళ్లే హక్కు ఇచ్చింది. విద్యార్థి వీసాకు ముత్తాత ఎవరని అడిగితే ఈ ఫర్మానాను చూపించవచ్చు.

ఆ తర్వాత విద్యార్థులు రెండు సంఘాలుగా ఏర్పడ్డారు. ఆల్ప్స్‌కు ఇవతలి ఇటాలియన్లది ఒకటి, అవతలివాళ్లది ఇంకొకటి. సొంత ఊరివాళ్లకు అప్పటికే నగరం రక్షణ ఉంది కనుక బొలోన్యా కుర్రాళ్లకు వీటిలో సభ్యత్వం లేదు. రెక్టారును విద్యార్థులే ఎన్నుకునేవారు, పంతుళ్లు ఆయనకు విధేయులమని ప్రమాణం చేయాలి. గంట కొట్టాక ఆలస్యంగా వస్తే జరిమానా, గంట దాటి సాగదీసినా జరిమానా. అయిదుగురు శ్రోతలు కూడా రాకపోతే ఆ రోజు పాఠం చెప్పనట్టే లెక్క, దానికీ జరిమానా. ఊరు దాటి వెళ్లాలంటే తిరిగి వస్తానని హామీగా డబ్బు కట్టిపోవాలి. ఇంత పెత్తనం ఎలా వచ్చిందంటే, కోపం వస్తే సంఘం మొత్తం మూటాముల్లె సర్దుకుని ఇంకో ఊరు పోగలదు. అద్దెలూ తిండి ఖర్చులూ ఊరికి పెద్ద ఆదాయం. 1222లో అలా లేచిపోయిన వాళ్లతోనే పాదువా విశ్వవిద్యాలయం మొదలైంది. 1321లో ఒక విద్యార్థికి మరణశిక్ష వేసినందుకు చాలామంది సియెనాకు వలసపోయారు.

వచ్చినవాళ్ల జాబితాలో తర్వాతి కాలపు పెద్దపేర్లు చాలా ఉన్నాయి. థామస్ బెకెట్ ఇక్కడ న్యాయశాస్త్రం చదివాడు. కోపర్నికస్ 1496లో చర్చి న్యాయం చదవడానికి వచ్చి జర్మన్ విద్యార్థుల సంఘంలో పేరు రాయించుకున్నాడు. కానీ మనసంతా ఖగోళ పండితుడు దొమెనికో మరియా నొవారా చుట్టూ తిరిగింది. 1497 మార్చి 9 రాత్రి చంద్రుడు రోహిణి నక్షత్రాన్ని కప్పేయడాన్ని ఇక్కడి నుంచే గమనించి రాసుకున్నాడు. చదవడానికి వచ్చింది ఒకటి, పట్టుకెళ్లింది ఇంకొకటి. 1364లో కార్డినల్ అల్బొర్నోజ్ తన వీలునామాలో స్పెయిన్ విద్యార్థుల కోసం రాసిపెట్టిన హాస్టల్, స్పెయిన్ కాలేజీ, నేటికీ అదే పని చేస్తోంది. 1563 నాటి ఆర్కిజిన్నాజియో భవనం గోడల మీద, కప్పుల మీద ఆ కాలపు విద్యార్థుల వంశచిహ్నాలు దాదాపు 6,000 కనిపిస్తాయి, ఊరి పేర్లతో సహా. 1944 జనవరిలో బాంబులు పడి ఆ భవనంలోని శరీరశాస్త్ర ప్రదర్శనశాల కూలిపోతే, దొరికిన చెక్కముక్కలను ఏరి మళ్లీ నిలబెట్టారు.

ఎరాస్మస్

ఈ కార్యక్రమానికి ఆ పేరు రాటర్‌డామ్‌కు చెందిన పండితుడు డెసిడెరియస్ ఎరాస్మస్‌ను బట్టి వచ్చింది. పేరు కలిసేలా ఒక పొడవాటి ఇంగ్లీషు పేరును కూర్చి, దాని పొడి అక్షరాలు ఇవేనని చూపించారు. పారిస్, లూవెన్, కేంబ్రిడ్జ్, వెనిస్, బాసెల్ అంటూ ఊరూరా తిరిగిన మనిషి కనుక పేరు అతికినట్టే ఉంది. ఆయన బొలోన్యాలోనూ ఉన్నాడు. ఇంగ్లండ్ రాజు ఏడో హెన్రీ వైద్యుడి కొడుకులిద్దరికి చదువు చూసే పెద్దదిక్కుగా 1506లో ఇటలీ వచ్చి, ట్యూరిన్‌లో డాక్టరేటు పుచ్చుకుని ఇక్కడికి చేరాడు. ఇక్కడ ఆయనకు ఎదురైన ఇబ్బందిని తర్వాత ఒక ఉత్తరంలో తానే రాసుకున్నాడు. సన్యాసి దుస్తుల్లో భాగంగా వేసుకున్న తెల్లవస్త్రం ఈ ఊళ్లో ప్లేగు రోగులను చూసే వైద్యుల గుర్తును పోలి ఉంది. అది వేసుకున్నవాళ్లు జనానికి దూరంగా పక్కనుంచి నడవాలి. ఈ సంగతి తెలియక మామూలుగా నడిచిపోతుంటే జనం మీదపడ్డారు. ఆ బట్టలు విడిచే అనుమతి కోరడానికి ఆయన చూపిన కారణాల్లో ఇదొకటి. కొత్త ఊళ్లో అక్కడివాళ్లకు పుట్టుకతో తెలిసిన నియమం తనకు తెలియక అభాసుపాలవడం ఎరాస్మస్ విద్యార్థులందరికీ ఏదో రూపంలో జరిగేదే.

ఆధునిక కార్యక్రమం వెనక సోఫియా కొర్రాది అనే ఇటాలియన్ విద్యావేత్త ఉంది. రోమ్‌లో న్యాయశాస్త్రం చదువుతూ ఆమె ఫుల్‌బ్రైట్ ఉపకారవేతనం మీద న్యూయార్క్ వెళ్లి కొలంబియా విశ్వవిద్యాలయంలో మాస్టర్స్ పూర్తి చేసింది. 1958లో తిరిగొచ్చి ఆ పట్టా చూపిస్తే, అది ఇక్కడ చెల్లదని తిప్పి పంపడమే కాక, విహారయాత్ర చేసొచ్చి చదువంటావా అన్నట్టు అందరిముందు చిన్నబుచ్చారు. ఆమె ఆ అవమానాన్ని మరిచిపోలేదు. 1969లో ఇటలీ విశ్వవిద్యాలయాల రెక్టార్ల కోసం ఒక పత్రం తయారుచేసింది. బయట చదివినదాన్ని సొంత విశ్వవిద్యాలయం గుర్తించాలన్నదే అందులోని సారం. ఆ తర్వాత దాదాపు రెండు దశాబ్దాలు కనపడిన అధికారికల్లా అదే చెప్పింది. ఇటలీలో ఆమెను ఎరాస్మస్ అమ్మ అని పిలవడం ఊరికే కాదు.

1976 నుంచి పదేళ్లు చిన్న ఎత్తున ప్రయోగాలు జరిగాయి. పెద్ద పథకానికి డబ్బు ఇవ్వడానికి కొన్ని ప్రభుత్వాలు గునిశాయి. స్పెయిన్‌కు చెందిన కమిషనర్ మనుయెల్ మరీన్ పట్టుదల, ఫ్రాన్స్ విద్యార్థి నాయకుడు ఫ్రాంక్ బియాంషేరీ అధ్యక్షుడు మిత్తెరాను ఒప్పించడం, రెండూ కలిసొచ్చి 1987 జూన్ 15న ఎరాస్మస్ అమల్లోకి వచ్చింది. మొదటి ఏడు 11 దేశాల నుంచి 3,244 మంది వెళ్లారు. ఇప్పటికి అప్రెంటిస్‌లను, ఉపాధ్యాయులను, యువజన బృందాలను కూడా కలుపుకుని కోటిన్నరకు పైగా జనం దీని కింద దేశం దాటారు. 2021 నుంచి 2027 దాకా కేటాయింపు దాదాపు 2,600 కోట్ల యూరోలు. బ్రెగ్జిట్‌తో బ్రిటన్ ఇందులోంచి తప్పుకుని 2021లో ట్యూరింగ్ పేరుతో సొంత పథకం పెట్టుకుంది.

ఒక విద్యార్థి ఒక్కో దశలో, అంటే డిగ్రీలో, పీజీలో, పీహెచ్‌డీలో, 12 నెలల దాకా ఈ పథకం వాడుకోవచ్చు. చేతికి వచ్చే నెలసరి సొమ్ము ఖర్చంతటికీ సరిపడేది కాదు. వెళ్లే దేశాన్ని బట్టి కొన్ని వందల యూరోలు. మిగతాది ఇంటినుంచి తెచ్చుకోవాలి. ఎరాస్మస్ మధ్యతరగతి పిల్లల పథకమేనన్న విమర్శ మొదటినుంచీ ఉంది, అందులో నిజం లేకపోలేదు. బొలోన్యాలో చాలాకాలం పాఠాలు చెప్పిన ఉంబెర్తో ఎకో ఈ పథకం తొలి ఐరోపా తరాన్ని తయారుచేస్తోందని మెచ్చుకుంటూనే, విద్యార్థులకే ఎందుకు, టాక్సీ డ్రైవర్లకూ ప్లంబర్లకూ కూడా ఉండాలన్నాడు. ఆ తరం సంగతికొస్తే, యూరోపియన్ కమిషన్ 2014లో చేయించిన అధ్యయనంలో పాల్గొన్నవాళ్లలో నాలుగోవంతుకు పైగా తమ జీవిత భాగస్వామి పరాయిదేశంలో చదువుతున్నప్పుడే పరిచయమైందని చెప్పారు. ఆ లెక్కన ఎరాస్మస్ సంసారాల్లో 10 లక్షల మంది పిల్లలు పుట్టి ఉంటారని కమిషనే అంచనా వేసింది. ప్రభుత్వ పథకాలు ఇలాంటి లెక్కలు చెప్పుకోవడం అరుదు.

క్రెడిట్ల లెక్క

కొర్రాదికి ఎదురైన చిక్కుకు విరుగుడుగా 1989లో ఐరోపా క్రెడిట్ పద్ధతిని ప్రవేశపెట్టారు. ఏడాది చదువు 60 క్రెడిట్లు, సెమిస్టర్‌కు 30. ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని. అందులో క్లాసులో కూర్చున్న సమయమే కాదు, ఇంట్లో చదివినదీ రాసినదీ కూడా కలుస్తుంది. ఈ లెక్కను ఖండమంతా ఒప్పుకునే దారి మరో పదేళ్లకు పడింది: 1999 జూన్ 19న 29 దేశాల విద్యాశాఖలు ఈ నగరంలోనే సమావేశమై డిగ్రీ, పీజీల అంచెలను ఒకే తీరుగా చేసుకుంటామని సంతకాలు చేశాయి. బొలోన్యా ప్రక్రియ అన్న మాట అలా పుట్టింది. ఊరి పేరు చదువుల సంస్కరణకు పేరుగా మారడంతో, ఇష్టంలేని పంతుళ్లు ఇతర దేశాల్లో ఈ ఊరిని తిట్టుకోవడమూ మొదలైంది.

పనిలో కీలకమైన కాగితం లెర్నింగ్ అగ్రిమెంట్. ఏ సబ్జెక్టులు చదవబోతున్నారో, వాటికి బదులు సొంత కాలేజీలో ఏ సబ్జెక్టులు మాఫీ అవుతాయో అందులో రాసి విద్యార్థి, పంపేవాళ్లు, తీసుకునేవాళ్లు ముగ్గురూ సంతకం పెడతారు. బయల్దేరే ముందు పక్కాగా రాసిన ఈ జాబితా బొలోన్యా చేరిన రెండు వారాల్లో మారిపోవడం మామూలే. ఒక సబ్జెక్టు ఈ సెమిస్టర్‌లో ఉండదు, ఇంకొకటి వేరే పట్టణంలోని క్యాంపస్‌లో ఉంటుంది, రెండు క్లాసులు ఒకే వేళకు పడతాయి. అందుకే మార్పులు రాసుకునే భాగం ఆ పత్రంలోనే పెట్టారు. మార్పుకు కూడా మూడు సంతకాలూ పడాలి. నోటిమాట మీద మార్చుకున్నవాళ్లు ఇంటికొచ్చాక ఆ సబ్జెక్టు మళ్లీ రాయాల్సి వస్తుంది.

గది

ఈ ఊరి వసారాల గురించి చెప్పకుండా అద్దెగదుల గురించి చెప్పలేం. వీధుల వెంట ఇళ్ల ముందు స్తంభాల మీద పైకప్పుతో సాగే వసారాలు బొలోన్యాలో మొత్తం 62 కిలోమీటర్లున్నాయి. వర్షంలో గొడుగు లేకుండా ఊరంతా తిరగవచ్చు. శాన్ లూకా కొండ మీది గుడికి వెళ్లే వసారా ఒక్కటే నాలుగు కిలోమీటర్లకు కాస్త తక్కువ, 666 కమానులు. 2021 జూలైలో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇవి ఎలా వచ్చాయంటే, మధ్యయుగంలో విద్యార్థులూ వలసజనమూ వచ్చిపడి చోటు చాలక, ఇళ్లవాళ్లు మేడగదిని వీధి మీదికి జరిపి కట్టారు. బరువు ఆగడానికి కింద దూలాలు, స్తంభాలు నిలిపారు. 1288 నాటి నగర శాసనం దీన్ని ఆపకపోగా, ప్రతి కొత్త ఇంటికీ వసారా ఉండి తీరాలంది. స్థలం ఇంటివాడిది, మరమ్మతు ఇంటివాడిది, నడిచే హక్కు అందరిదీ. కూర్చోవడానికి కాక నడవడానికి పనికొచ్చే వీధి అరుగు అన్నమాట.

అద్దె తగాదా కూడా అంత పాతదే. ఎక్కువ అద్దె ఆశచూపి ఒకరున్న ఇంట్లోంచి వాళ్లను ఖాళీ చేయించి ఇంకొకరు చేరడాన్ని నిషేధించే ఉత్తర్వును 1189లో పోప్ మూడో క్లెమెంట్ ఖాయం చేశాడు. ఇప్పుడు ఆ పోటీలో పర్యాటకులు కూడా ఉన్నారు. చౌక విమానాలు, రోజువారీ అద్దెల వెబ్‌సైట్లు వచ్చాక నడిబొడ్డున ఇళ్లు విద్యార్థులకు దొరకడం కష్టమైంది. 2023 మేలో ఇటలీ నగరాల్లో విద్యార్థులు విశ్వవిద్యాలయాల ముందు గుడారాలు వేసుకుని అద్దెల మీద నిరసన తెలిపినప్పుడు బొలోన్యాలోనూ గుడారాలు లేచాయి.

ప్రకటనల్లో రెండు మాటలు తెలిసి ఉండాలి. ‘స్తాంజా సింగొలా’ అంటే ఒక్కరికే గది. ‘పోస్తో లెత్తో’ అంటే ఇంకొకరితో పంచుకునే గదిలో మంచం మాత్రమే. అడ్వాన్సు రెండు మూడు నెలల అద్దె అడగడం మామూలు. గది చూడకుండా, ఒప్పందం చేతికి రాకుండా ఊళ్లో లేని యజమానికి డబ్బు పంపమంటే అది మోసమే అనుకోవాలి. ఏటా సెప్టెంబరులో కొత్తవాళ్లు ఇందులో పడుతూనే ఉంటారు. మొదటి రెండు వారాలకు హాస్టల్లో చోటు చూసుకుని, వచ్చాక కాళ్లరిగేలా తిరిగి వెతుక్కోవడమే చాలామంది చేసేది. ఊరి చుట్టూ ఉన్న పాత నగరద్వారాల లోపలే ఉండాలన్న పట్టు వదిలి, రైల్వే స్టేషన్ వెనక బొలోన్యీనా పేటకు వెళితే అద్దె కొంత దిగుతుంది.

కాగితాలు

యూరోపియన్ యూనియన్ పౌరులకు వీసా గొడవ లేదు. భారతీయులకు మూడు నెలలు దాటే చదువుకు డి రకం జాతీయ వీసా కావాలి. ఇటలీ చేరిన 8 పనిదినాల్లో నివాస అనుమతికి దరఖాస్తు చేసుకోవాలి. ఆ దరఖాస్తు పోలీసు కార్యాలయంలో కాదు, పోస్టాఫీసులో ఇవ్వాలి. ఫారాల కవరు అక్కడే ఇస్తారు, 16 యూరోల రెవెన్యూ స్టాంపు పొగాకు దుకాణంలో దొరుకుతుంది. వేలిముద్రలకు పోలీసుల దగ్గరికి తర్వాత పిలుస్తారు. అసలు కార్డు వచ్చేసరికి కొందరికి సెమిస్టరే అయిపోతుంది, అందాకా పోస్టాఫీసు రసీదే ఆధారం. వీటితో పాటు పన్నుల శాఖ ఇచ్చే ‘కోదిచే ఫిస్కాలే’ అనే సంఖ్య లేకుండా అద్దె ఒప్పందం గానీ ఫోన్ కనెక్షన్ గానీ కదలదు. విద్యార్థి అనుమతి మీద వారానికి 20 గంటల దాకా పని చేసుకోవచ్చు.

తరగతి, పరీక్ష

టైంటేబుల్లో 9 గంటలని ఉంటే పాఠం 9.15కు మొదలవుతుంది. దీనికి ‘విద్యా పావుగంట’ అని పేరు. గంట కొట్టాక ఒక్క నిమిషం ఆలస్యమైనా పంతులికి జరిమానా వేసిన ఊళ్లో ఈ మర్యాద ఎప్పుడు వచ్చిందోనని నవ్వుకోవాలి. మొదటి సెమిస్టర్ పాఠాలు సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా, పరీక్షలు జనవరి, ఫిబ్రవరుల్లో. రెండోది ఫిబ్రవరిలో మొదలై వేసవికి ముగుస్తుంది. చాలా సబ్జెక్టుల్లో క్లాసుకు వచ్చేవాళ్లకు ఒక సిలబస్, రానివాళ్లకు ఇంకో సిలబస్ ఉంటుంది. రానివాళ్లు అదనంగా ఒకటి రెండు పుస్తకాలు చదవాలి. అంటే హాజరు లేకపోవడం ఇక్కడ నేరం కాదు, దానికో ధర ఉంది.

మన విద్యార్థులకు బొత్తిగా కొత్త అనిపించేది నోటి పరీక్ష. చాలా సబ్జెక్టులకు అసలు పరీక్షే అది. ప్రొఫెసర్ ఎదురుగా కూర్చుని పావుగంటో అరగంటో జవాబులు చెప్పాలి. గది తలుపులు తెరిచే ఉంటాయి, తమ వంతు కోసం చూసేవాళ్లు వెనక కూర్చుని అంతా వింటుంటారు. పరీక్షకు ముందు ఒకటి రెండు రోజులు అలా వెనక కూర్చుని, ఈ ప్రొఫెసర్ ఏం అడుగుతున్నాడో విని రావడం తెలివైనవాళ్ల పద్ధతి, తప్పేమీ కాదు. మార్కులు 30కి. పాస్ కావడానికి 18 రావాలి. బ్రహ్మాండంగా చెబితే ‘30, ప్రశంసతో’ అంటారు. మార్కు చెప్పగానే నచ్చకపోతే వద్దని లేచి రావచ్చు, తర్వాతి తేదీకి మళ్లీ రాసుకోవచ్చు. ఒక సబ్జెక్టుకు ఇలాంటి తేదీలు ఏడాదిలో చాలాసార్లు ఉంటాయి కనుక, సప్లిమెంటరీ అంటే మనకుండే సిగ్గు ఇక్కడ లేదు. అయితే ఎక్స్ఛేంజ్‌లో వచ్చినవాళ్లకు తిరుగు టికెట్టు తేదీ ఉంటుంది. వద్దనుకున్న 22 మార్కుల కోసం జూలైలో మళ్లీ రావడం ఎంతమందికి కుదురుతుంది?

భాష

ఇంగ్లీషులో నడిచే కోర్సులు చాలానే ఉన్నా, క్లాసు గది దాటితే అంతా ఇటాలియనే. తెలుగును ప్రాచ్యదేశపు ఇటాలియన్ అనడం మనకు అలవాటైన పొగడ్త. రెండింటికీ చుట్టరికమేమీ లేదు. మాటలు అచ్చుల్లో ముగుస్తాయన్న పోలిక ఒక్కటే. పొగడ్త సంగతి వదిలేసినా, తెలుగువాళ్లకు ఇటాలియన్‌లో నిజంగా కలిసొచ్చేది ఇంకొకటుంది. అది ద్విత్వం. ‘కాసా’ అంటే ఇల్లు, ‘కాస్సా’ అంటే డబ్బు కట్టే గల్లా. ‘నోనో’ అంటే తొమ్మిదో, ‘నొన్నో’ అంటే తాత. ఒత్తు పడిందా లేదా అన్నది ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లకు నెలలు గడిచినా చెవికి అందదు. గడి, గడ్డి తేడా తెలిసి పెరిగిన మనకు మొదటిరోజే తెలుస్తుంది.

తిండి, సాయంత్రాలు

ప్రపంచమంతా తినే ‘స్పగెట్టి బొలోనీస్’ ఈ ఊళ్లో వంటకం కాదు. ఇక్కడ ఖీమాతో గంటల తరబడి ఉడికించిన రగూను గుడ్లు కలిపిన పిండితో చేసిన వెడల్పాటి తల్యతెల్లెతో తింటారు. ఆ పట్టీ ఉడికాక 8 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలని 1972లో ఛాంబర్ ఆఫ్ కామర్స్‌లో నమోదు చేయించి, నమూనాగా బంగారు పట్టీని కూడా పెట్టారు. తొర్తెల్లీనీలో పంది మాంసం ఉంటుంది, దాన్ని ఉడికించేది మాంసం రసంలో. శాకాహారులు పేరు చివర ఒక్క అక్షరం చూసుకోవాలి: తొర్తెల్లోనీ పెద్దవి, వాటిలో సాధారణంగా రికోత్తా జున్ను పెడతారు. విద్యార్థులకు రోజూ ఇవన్నీ అందవు. పియాదీనా రొట్టె, చదరంగా కోసి అమ్మే పిజ్జా, విశ్వవిద్యాలయ మెస్సుతో గడుపుకుంటారు. బొలోన్యీనాలోనూ మరికొన్ని పేటల్లోనూ బంగ్లాదేశీ, పాకిస్తానీ దుకాణాల్లో బాస్మతి బియ్యం, కందిపప్పు, కారం దొరుకుతాయి.

1465 నుంచి నడుస్తోందని చెప్పుకునే సారాకొట్టు ‘ఒస్తెరియా దెల్ సోలే’లో తిండి అమ్మరు. పక్క సందులోని అంగళ్లలో కొనుక్కుని పొట్లం పట్టుకెళ్లి కూర్చోవాలి. సెడ్రిక్ క్లాపిష్ 2002లో తీసిన ఎరాస్మస్ విద్యార్థుల సినిమాకు ఫ్రెంచిలో ‘స్పెయిన్ సత్రం’ అని పేరు. ఎవరి తిండి వాళ్లే తెచ్చుకునే చోటు అని ఆ నుడికారానికి అర్థం. ఆ కథ బార్సిలోనాలో జరుగుతుంది గానీ, వంటగది ఒక్కటీ దేశాలు ఆరూ ఉండే ఇల్లు బొలోన్యాలోనూ అలాగే ఉంటుంది.

సాయంత్రం వెర్ది చౌకులో విద్యార్థులు నేలమీదే కూర్చుంటారు. రాత్రి గోల మీద చుట్టుపక్కల కాపురముండేవాళ్ల ఫిర్యాదులు, నగరపాలక సంస్థ ఆంక్షలు ఏటా ఉండే తంతు. పగటిపూట ఊరి వృద్ధులు చేతులు వెనక్కి కట్టుకుని రోడ్డుపనులు జరిగేచోట నిలబడి కూలీలకు సలహాలిస్తుంటారు. వాళ్లకు ఈ ఊరి యాసలో ‘ఉమారెల్’ అని పేరుంది, ఇప్పుడది ఇటాలియన్ నిఘంటువుకెక్కింది. మన రచ్చబండ పెద్దలను చూసినవాళ్లకు పరిచయం అక్కర్లేదు.

ఊరి మధ్య రెండు గోపురాల్లో ఎత్తైనది అసినెల్లి, 97 మీటర్లు, 498 మెట్లు. పట్టా చేతికి రాకముందు దాన్ని ఎక్కితే ఎప్పటికీ పట్టా రాదని విద్యార్థుల నమ్మకం. పరీక్షల మీద నమ్మకం లేనివాళ్లు కూడా దీన్ని పాటిస్తారు. పక్కనున్న గరిసెండా మరీ ఒరిగిందని 2023 అక్టోబరులో ఆ చుట్టుపక్కలకు జనాన్ని రానివ్వడం ఆపేశారు.

తెలుగు విద్యార్థులు

తెలుగు రాష్ట్రాల నుంచి విదేశీ చదువంటే ముందు అమెరికా, ఆ తర్వాత బ్రిటన్, జర్మనీ. అదీ పూర్తి డిగ్రీకి, సొంత ఖర్చు మీదో అప్పు మీదో. ఒక సెమిస్టర్‌కు వెళ్లి రావడమన్న ఆలోచన మనకింకా అంతగా ఒంటబట్టలేదు. కారణం డబ్బు ఒక్కటే కాదు. మన ఇంజనీరింగ్, డిగ్రీ కాలేజీల్లో ఎక్కువ భాగం ఏదో ఒక విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్నవి. సిలబస్, పరీక్ష, మార్కులు అన్నీ పైనుంచి వస్తాయి కనుక, ఫలానా సబ్జెక్టుకు బదులు బొలోన్యాలో ఇది చదివితే చాలని ఒప్పుకునే అధికారం కాలేజీకి ఉండదు. కేంద్రీయ విశ్వవిద్యాలయాలు, ఐఐటీలు, స్వయంప్రతిపత్తి ఉన్న సంస్థల విద్యార్థులకు ఈ దారి కొంత తెరిచి ఉంది. యూజీసీ 2022లో తెచ్చిన నిబంధనలు విదేశీ విశ్వవిద్యాలయంలో చదివిన క్రెడిట్లను ట్వినింగ్ పద్ధతిలో 30 శాతం దాకా లెక్కలోకి తీసుకోనిస్తాయి, కాకపోతే రెండు సంస్థల మధ్య ముందే ఒప్పందం ఉండాలి.

మనవాళ్లకు ఎక్కువగా తెలిసినది ఎరాస్మస్ ముందుస్. 2004లో మొదలైన ఈ పథకంలో ఏ దేశంవాళ్లయినా చేరవచ్చు. ఇది సెమిస్టర్ మార్పిడి కాదు, రెండు మూడు దేశాల్లో తిరుగుతూ పూర్తిచేసే ఉమ్మడి మాస్టర్స్. ఉపకారవేతనం వచ్చినవాళ్లకు నెలకు 1,400 యూరోలు, 24 నెలల దాకా. ఏటా ఎక్కువమంది ఎంపికయ్యే దేశాల్లో భారత్ ఒకటి.

తిరిగి వచ్చాక మిగిలేది మార్కుల మార్పిడి. 30కి 18ని శాతంలోకి మారిస్తే 60 వస్తుంది. మన దగ్గర 60 అంటే ఫస్ట్ క్లాసు, అక్కడ అది గట్టెక్కే మార్కు. అదే సమయంలో 27 వచ్చిన విద్యార్థికి 90 శాతం వేస్తే పక్కన కూర్చున్నవాళ్లు ఒప్పుకోరు. అందుకే ఐరోపా విశ్వవిద్యాలయాలు ఏ మార్కు ఎంతమందికి వస్తోందో చూపే పట్టికను మార్కుల జాబితాతో జతచేస్తాయి. మన పరీక్షల విభాగాల్లో ఆ పట్టికను చూసే అలవాటు తక్కువ. బొలోన్యా వదిలే ముందు ప్రతి సబ్జెక్టు సిలబస్‌ను, పట్టికను ముద్ర వేయించి చేతిలో పట్టుకుని రావాలని ముందు వెళ్లొచ్చినవాళ్లు చెబుతారు. మార్కుల జాబితా మాత్రం ఆఖరి నోటి పరీక్ష నమోదయ్యాకే తయారవుతుంది, అప్పటికి చాలామంది ఇల్లు చేరి ఉంటారు.